బొత్తాం చెవులు

టైలరు షాపులో గోడ గడియారం రెండూ పది చూపిస్తుండగా టార్చి లోపలికి అడుగుపెట్టింది. నాలుగింటికి కుక్కల క్లబ్బు కమిటీ కూర్చుంటుంది. ఎవరూ అడ్డం పడకపోతే నాలుగూ పదికల్లా ఆమె పెద్దమ్మ కుక్కల పెంపకం లైసెన్సు కొట్టేస్తారు. లైసెన్సు లేని ఇంట్లో రెండు కుక్కలకి మించి ఉండకూడదు. పెద్దమ్మ దగ్గర ఏడున్నాయి. ఏ ఐదింటిని పంపించాలో తేల్చుకోమని పొద్దున్నే నోటీసు వచ్చింది. అప్పట్నించీ ఆవిడ పొయ్యి కూడా వెలిగించకుండా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

టార్చి అనేది ఆమె అసలు పేరు కాదు. పళ్ళ డాక్టరు దగ్గర పన్నెండేళ్ళు అసిస్టెంటుగా చేసి, ఆ తర్వాత డిటెక్టివ్ అయింది. అబద్ధాలు వచ్చేదీ నోట్లోంచేగా, పాత అనుభవం ఎక్కడికీ పోలేదు అంటుంది. బ్యాగులో వేలెడంత టార్చిలైటు ఎప్పుడూ ఉంటుంది. పేరు అలా అతుక్కుపోయింది.

షాపంటే ఇంటి ముందుగదే. రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడకి వేలాడుతున్న సగం కుట్టిన చొక్కాలు. బల్ల వెనక టైలరు నిలబడి ఉన్నాడు. అతని తొమ్మిదేళ్ళ కూతురు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో రేకు డబ్బా పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మిషను కింద నలుపూ తెలుపూ కలిసిన హస్కీ పిల్ల పడుకుని ఉంది. దాని పేరు బొత్తాం.

ఉన్న ఒక్క కుర్చీలో కోటు కూర్చున్నాడు. అతనూ డిటెక్టివే, క్లబ్బు తరఫున విచారణ చేస్తాడు. ఎంత ఉక్కపోసినా ఒంటి మీద కోటు విప్పడు కాబట్టి టార్చి అతనికా పేరు పెట్టింది. ఇద్దరూ ఈ మూడేళ్ళలో నాలుగు కేసుల్లో ఎదురుపడ్డారు. రెండు అతనివి, రెండు ఆమెవి. ఐదోది ఎవరిదో తేలాలని అతనికి మహా సరదాగా ఉన్నట్టుంది, ముఖం అలా వెలిగిపోతోంది.

"మీరు ఇక్కడికి రాకూడదండీ," అన్నాడు కోటు. "ముద్దాయి మీ సొంత పెద్దమ్మ."

"ముద్దాయి అవునో కాదో కమిటీ నాలుగింటికి చెప్తుంది. మీరు రెండింటికే చెప్పేస్తున్నారు."

"కమిటీకి చెప్పాల్సింది నేనే. రిపోర్టు రాసేశాను. సంతకం ఒక్కటే తక్కువ."

"అయితే ఆ సంతకం కాసేపు ఆపండి. అసలు ఏం రాశారో వినిపించండి."

అతనికి అదే కావాలి. ఫైలు తెరిచి, గొంతు సవరించుకుని, కోర్టులో వాదిస్తున్నట్టు మొదలెట్టాడు. ఈ పిల్ల పుట్టిన తొమ్మిదో వారంలో పెద్దమ్మ ఇంటి నుంచి ఇక్కడికి వచ్చింది. అప్పుడు చెవులు రెండూ నిక్కబొడుచుకుని ఉన్నాయి, పెట్‌షాపులో తీసిన ఫొటో ఉంది. పన్నెండో వారంలో టీకా వేయిస్తానని పెద్దమ్మ అన్ని పిల్లల్నీ వెనక్కి పిలిపించింది. టైలరు పొద్దున పదింటికి దింపి, పన్నెండింటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు పదిహేడో వారం, చెవులు రెండూ వాలిపోయాయి.

"ఆ రెండు గంటల్లో పిల్లని మార్చేశారు," అని ముగించాడు. "జాతి పిల్లని ఉంచేసుకుని, పోలికలున్న కల్తీ పిల్లని అంటగట్టారు. నిలబడ్డ చెవి మళ్ళీ ఎక్కడైనా వాలుతుందా చెప్పండి. ఇది ఒక్కటే కాదు. ఇదే కాన్పులో పోస్ట్‌మాన్ కొన్న పిల్లకీ అంతే, సెలూన్ ఆవిడ కొన్న పిల్లకీ అంతే. మూడు ఫిర్యాదులు. ఇంకేం కావాలి?"

పెద్దమ్మ అబద్ధమాడదని టార్చికి తెలుసు. కానీ మా పెద్దమ్మ అబద్ధమాడదు అంటే ఏ కమిటీ ఒప్పుకుంటుంది? ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా చెప్పులు విప్పి, నేల మీద చతికిలబడింది.

"పిల్లని చూడొచ్చా?" అని అడిగింది టైలరుని.

"చూడండి. మూడున్నరకి పెట్‌షాపు ఆయన వచ్చి తీసుకెళ్ళిపోతాడు," అన్నాడు టైలరు, కూతురి వైపు చూడకుండా.

స్టూలు మీద పాప డబ్బాని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

బొత్తాం ఆవులించి, బద్ధకంగా లేచి వచ్చి టార్చి మోకాలు వాసన చూసింది. చెవులు పక్కలకి మడత పడి, ఇస్త్రీ లేని కాలరులా ఉన్నాయి. టార్చి వాటి మొదళ్ళు తడిమింది. మొదట్లో గట్టిగానే ఉన్నాయి, సగం నుంచే వాలాయి. టేపు బంక లేదు, పుండు లేదు, దెబ్బ లేదు. తర్వాత ఆమె మిషను కాళ్ళ వైపు వంగింది. కుడిపక్క చెక్కకాలు అంచు అంతా కొరికేసి ఉంది. గాట్ల మీద ఇంకా దుమ్ము కూడా పట్టలేదు.

"ఇది ఎప్పట్నించి కొరుకుతోంది?"

"రెండు వారాలవుతుంది," అన్నాడు టైలరు. "అంతకుముందు బుద్ధిమంతురాలే."

"చెవులు ఏ రోజు వాలాయి? గుర్తుందా?"

"పోయిన గురువారం కాదు, అంతకుముందు గురువారం. ఆ రోజు చొక్కాలు ఇవ్వాలి, అందుకే గుర్తు. ముందు ఎడమ చెవి వాలింది. రెండ్రోజులకి రెండోది."

"టీకా వేయించి ఎన్నాళ్ళయింది?"

"ఐదు వారాలు."

టార్చి కోటు వైపు తిరిగింది. "ఐదు వారాల కిందట పిల్లని మార్చేస్తే, ఆ మారిన పిల్లకి మూడు వారాలకి పైగా చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాయన్నమాట. ఆ తర్వాత ఒకటి, రెండ్రోజులాగి ఇంకోటి వాలాయి. కల్తీ చెవులైతే మొదట్నించీ వాలి ఉండాలిగా?"

కోటు ఫైల్లో పేజీలు తిప్పాడు. "వాలిన తేదీ ఎవరూ చెప్పలేదు."

"మీరు అడిగారా?"

అతను పెన్ను మూత పెట్టి తీశాడు.

"తేదీ ఒక్కటీ పట్టుకుని గెలుస్తాననుకోకండి," అన్నాడు. "మూడో వారానికి వాలినా కల్తీ కల్తీయే. కారణం చెప్పండి, ఒప్పుకుంటాను."

గడియారం రెండూ నలభై. టార్చి లైటు తీసి, బొత్తాం మూతి మెల్లగా తెరిచింది. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కింద ముందుపళ్ళలో మూడు ఖాళీలు. ఒక ఖాళీలోంచి కొత్తపన్ను అంచు తెల్లగా తొంగి చూస్తోంది. పన్నెండేళ్ళు పిల్లల నోళ్ళు చూసిన మనిషి, దానికి పెద్ద పుస్తకాలేమీ అక్కర్లేదు. ఆమె ఒంట్లోకి సగం ప్రాణం తిరిగొచ్చింది. ఇక ఆ ఖాళీల్లో పళ్ళు ఎటుపోయాయో తెలియాలి.

ఆమె స్టూలు వైపు జరిగింది. "తల్లీ, ఆ డబ్బాలో ఏమున్నాయి?"

"బొత్తాలు," అంది పాప, తలెత్తకుండా.

"అన్నీ బొత్తాలేనా?"

పాప నాన్న వైపు చూసింది. "నాన్నకి చెప్పనంటే చూపిస్తాను."

"నాన్న ఇక్కడే ఉన్నాడు కదే," అన్నాడు టైలరు, నొచ్చుకున్నట్టు. "నాకు చెప్పకూడనిది ఏముంటుంది?"

"చెప్తే నువ్వు దాన్ని ఇచ్చేస్తావు. ఇప్పటికే చెవులు పాడయ్యాయని ఇచ్చేస్తున్నావు. పళ్ళు కూడా ఊడిపోతున్నాయంటే ఇవాళ పొద్దున్నే ఇచ్చేసేవాడివి."

పాప డబ్బా మూత తీసింది. రంగురంగుల బొత్తాల మధ్య చిన్న కాగితం పొట్లం. అందులో బియ్యపుగింజల కన్నా కాస్త పెద్దవి, మూడు పళ్ళు. మిషను కింద ఊడుస్తుంటే దొరికాయట. బొత్తాంకి ఏదో పెద్ద జబ్బు చేసిందనుకుని రెండు వారాలుగా ఎవరికీ చెప్పకుండా దాచింది. రోజూ స్కూలుకెళ్ళే ముందు దాని నోరు తెరిచి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి వెళ్తోంది.

టార్చి ఒక పన్ను అరచేతిలో వేసుకుని కోటు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. "చూడండి. వేరు లేదు. కొట్టి ఊడగొడితే వేరుతో సహా వస్తుంది. పాలపన్ను దానంతటది రాలితేనే ఇలా వేరు కరిగిపోయి ఉంటుంది. పిల్లకి పళ్ళు మారుతున్నాయి. ఆ టైములో హస్కీ పిల్లలకి నిలబడ్డ చెవులు మళ్ళీ వాలతాయి. బలమంతా పళ్ళకి పోతుందంటుంది మా పెద్దమ్మ. పళ్ళు వచ్చేశాక వాటంతటవే లేస్తాయి."

"పెద్దమ్మ అంటుంది, పెద్దమ్మ చెప్తుంది," అన్నాడు కోటు. "ఆవిడకి అంత తెలిస్తే కొన్నవాళ్ళకి ముందే చెప్పొద్దూ? మంచి బ్రీడరు చెయ్యాల్సిన పని అదేగా. వీళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పలేదంటేనే ఏదో దాస్తోందని అర్థం."

ఆ మాట టార్చికి చురుక్కున తగిలింది. పెద్దమ్మ చెప్పకపోవడమా? ముప్పై ఏళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి. కుక్కపిల్లల్ని కూడా ఆవిడ డిశ్చార్జి చేస్తుంది, అమ్మదు. పుట్టిన టైము, బరువు, ఒంటి మీద గుర్తులు, ఏ వారం ఏం పెట్టాలి, ఏ వారం ఏం జరుగుతుంది అన్నీ చీటీ రాసి చేతికిస్తుంది. కింద కార్బన్ పెట్టి రాసి, రెండో కాపీ పుస్తకంలోనే ఉంచుకుంటుంది. ఆ పుస్తకం ఇప్పుడు టార్చి బ్యాగులోనే ఉంది.

"పిల్లని ఇచ్చినప్పుడు మా పెద్దమ్మ మీకేమీ చెప్పలేదా?" అని టైలరుని అడిగింది.

"చెప్పలేదని ఎలా అంటాను? గంటసేపు చెప్పింది," అన్నాడతను. "అంతకుముందు ఇంకో గంట నన్నే ప్రశ్నలు అడిగింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, మిషను చప్పుడుకి పిల్ల బెదిరితే ఏం చేస్తారు, ఎండాకాలం ఎక్కడ పడుకోబెడతారు. పోలీస్ స్టేషన్లో కూడా అన్ని అడగరండీ. తల్లికుక్కని చూపించింది, తల్లిదండ్రుల కళ్ళ పరీక్ష కాగితాలు, తుంటి ఎక్స్‌రేలు చూపించింది. నాకు సగం అర్థం కాలేదు. పాప పిల్లని ఎత్తుకుని దింపనంటోంది. వెళ్దాం వెళ్దాం అనే ధ్యాసలో ఉన్నాను. అన్నీ చీటీలో రాశానంది కదా అని తల ఊపి వచ్చేశాను."

"ఆ చీటీ ఏది?"

టైలరు గోడ వైపు చెయ్యి చూపించాడు. వేలాడుతున్న చొక్కాల వెనక, మేకుకి తగిలించి ఉంది. ప్లాస్టిక్ లామినేషన్ చేసిన కాగితం.

"అది నేను చూశాను," అన్నాడు కోటు. "తిండి పట్టిక. ఏ వారం ఎన్నిసార్లు పెట్టాలో ఉంది. అంతే."

టార్చి చీటీ మేకు నుంచి తీసి కత్తిరింపు బల్ల మీద పెట్టింది. బ్యాగులోంచి కార్బన్ పుస్తకం తీసి, ఆ కాన్పులో ఐదో పిల్ల అయిన బొత్తాం పేజీ తెరిచి, దాని మీద లామినేషన్ కాగితం ఆనించింది. పై అంచులు సరిగ్గా కలిశాయి. పక్క అంచులు కలిశాయి. కింద మాత్రం నాలుగు వేళ్ళంత పుస్తకం కాగితం బయట మిగిలిపోయింది.

కోటు కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

మిగిలిన భాగంలో నాలుగు లైన్లు ఉన్నాయి. టార్చి పైకి చదివింది. "పన్నెండో వారం దాటాక పాలపళ్ళు ఊడతాయి, అప్పుడు చెవులు వాలితే కంగారు పడొద్దు, పళ్ళొచ్చాక లేస్తాయి. చెవులకి టేపులూ పుల్లలూ కట్టొద్దు. ఏ అనుమానం వచ్చినా ఏ వేళైనా నాకు ఫోన్ చేయండి, కింద నంబరు. పిల్ల వద్దనుకుంటే ఎన్నేళ్ళకైనా నాకే తిరిగి ఇవ్వండి, ఇంకెవరికీ ఇవ్వొద్దు."

టైలరు చీటీ అందుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. కళ్ళు చికిలించి కింద అంచు చూశాడు. జీవితమంతా గుడ్డలు కత్తిరించిన మనిషి.

"ఇది కత్తెర కాదండీ," అన్నాడు. "కత్తెరైతే చెయ్యి ఆగిన చోటల్లా చిన్న మెట్టు పడుతుంది. ఇది స్కేలు పెట్టి బ్లేడుతో ఒక్క లాగు లాగింది. ప్లాస్టిక్ అంచు దాని కింద మళ్ళీ ఉంది చూడండి. ముందు కోసి, తర్వాత ప్లాస్టిక్ వేశారు."

"లామినేషన్ ఎవరు చేయించారు?"

టైలరు చీటీ కిందికి దించాడు. "పిల్లని తెచ్చిన వారమే దాని తిండి కొనడానికి పెట్‌షాపుకి వెళ్ళి చీటీ చూపించాను. కాగితం నలిగిపోతుంది, పైసా తీసుకోకుండా లామినేషన్ చేసిస్తానన్నాడు. మర్నాడు ఇచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నాను."

"చెవులు వాలాయని మీరే వెళ్ళి చెప్పారా?"

"లేదు. ఆయనే వచ్చాడు. ఊరికే ఇటు వెళ్తూ పిల్లని చూద్దామని ఆగానన్నాడు. చెవులు చూసి అయ్యయ్యో అన్నాడు. మోసపోయారు, ఆవిడకి ఫోన్ చేస్తే ఒప్పుకోదు, నేరుగా క్లబ్బుకి రాయండి అన్నాడు. ఈ పిల్లని తీసుకుని, పైన కొంత కడితే ఇదే వయసు అసలు పిల్లని తెచ్చిస్తానన్నాడు."

"చీటీ పైన పుట్టిన తేదీ ఉంది. పళ్ళు ఊడే వారమేదో లెక్కవేసుకోవడానికి అతనికి అది చాలు," అంది టార్చి. "కోటుగారూ, పోస్ట్‌మాన్ పిల్లా, సెలూన్ ఆవిడ పిల్లా ఇప్పుడు ఎక్కడున్నాయో మీ ఫైల్లో రాశారా?"

కోటు ఆ పేజీ చూడకుండానే చెప్పాడు. గొంతు కాస్త తగ్గింది. "పెట్‌షాపు ఆయన జాలిపడి తీసుకున్నాడని రాశాను."

"మా పెద్దమ్మ కిందటేడు ఒక కాన్పు పిల్లల్ని గుత్తగా కొంటానని వచ్చిన ఒక షాపు ఆయన్ని గేటు దగ్గర్నించే పంపించేసింది. పిల్లల్ని పెంచేవాళ్ళ చేతికే ఇస్తాను, అమ్మేవాళ్ళకి ఇవ్వనంది. ఆ షాపు ఆయన ఎవరో నాకు ఇప్పుడే అర్థమవుతోంది."

కోటు లేచాడు. ఓడిపోవడం అతనికి ఇష్టం లేదు కానీ, మొండివాడైనా దొంగ కాదు. "ఇదంతా సరే. కానీ ఈ పిల్ల అదే పిల్ల అనడానికి రుజువు? మీ పుస్తకం మీ పెద్దమ్మ రాసుకున్నది. నిన్న రాత్రి కూర్చుని కూడా రాయొచ్చు."

"పుస్తకం వదిలేయండి. ప్లాస్టిక్ లోపలున్నది ఎనిమిది వారాల కిందటే మూసేశారు. పైనుంచి రెండో లైను చదవండి. మీరు తిండి పట్టిక అన్న కాగితమే."

కోటు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "గుర్తులు: నోట్లో పైభాగాన, ఎడమపక్క, గోధుమగింజంత నల్లమచ్చ."

టార్చి లైటు అతని చేతిలో పెట్టింది. మూడేళ్ళలో మొదటిసారి కోటు తన కోటుతో సహా నేల మీద మోకాళ్ళు వేశాడు. బొత్తాం అతని టై పట్టుకుని ఒకసారి లాగింది. పాప దిగి వచ్చి, అలవాటుగా దాని మూతి తెరిచి పట్టుకుంది. కోటు చూశాడు. తల వంచి మళ్ళీ చూశాడు.

"ఉంది," అన్నాడు.

"మారిస్తే నాకు తెలియదా?" అంది పాప. "అది మిషను చప్పుడుకే నిద్రపోతుంది. నన్నెవరూ అడగలేదు."

టైలరు అరచేతిలో ముఖం పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే, మూడూ ఇరవైకి, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చెప్పిన టైముకన్నా పది నిమిషాలు ముందే పెట్‌షాపు ఓనరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో వలతలుపున్న ప్లాస్టిక్ పెట్టె. ముఖమంతా నవ్వు.

"తెచ్చేశానండీ అసలు సరుకు," అన్నాడు టైలరుతో. కోటుని చూసి ఇంకా విశాలంగా నవ్వాడు. "మీరూ ఉన్నారా సార్, మంచిదైంది. చూడండి చెవులు ఎలా ఉన్నాయో. హస్కీ అంటే ఇదీ."

టార్చి ఎవరో అతనికి తెలియదు. ఆమె కూడా చెప్పలేదు. కార్బన్ పుస్తకం మూసి, బేరం చూడ్డానికి వచ్చిన పక్కింటావిడలా పక్కకి జరిగింది.

పెట్టె తలుపు తీశాడు. బయటికి వచ్చిన పిల్ల చెవులు రెండూ నిటారుగా, గీత గీసినట్టు ఉన్నాయి. అది గదంతా ఒకసారి చూసింది. ఆ తర్వాత బొత్తాంని చూసి ఆగిపోయింది. బొత్తాం తోక ఊగడం మొదలైంది. మరుక్షణం రెండూ ఒకదాని మీద ఒకటి పడి, గుండ్రంగా దొర్లుకుంటూ కత్తిరింపు బల్ల కిందకి వెళ్ళిపోయాయి.

"పిల్లలు కదా, ఎవరితోనైనా కలిసిపోతాయి," అన్నాడు ఓనరు.

"ఎక్కడిదండీ ఈ పిల్ల?" అని అడిగింది టార్చి.

"చాలా దూరం నుంచి తెప్పించానమ్మా. పెద్ద బ్రీడరు."

"ముందుపళ్ళు మారడం అయిపోయినట్టుందే?"

"ఆఁ, ఎప్పుడో," అని, ఆ మాట అనకూడనిదని తట్టి చటుక్కున ఆగాడు. "అంటే, పళ్ళకీ దీనికీ సంబంధం ఏముంది?"

టార్చి బల్ల కిందకి వంగి కొత్త పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళు రెండూ నీలం. కుడి కంట్లో మాత్రం అడుగున గోధుమరంగు చీలిక. ఆమె పుస్తకంలో రెండో పిల్ల పేజీ తెరిచి, చేత్తో పట్టుకుని, కోటుకి మాత్రమే కనబడేలా తిప్పింది. ఇప్పుడు అతనేం చేస్తాడో ఆమెకి తెలియదు. రిపోర్టు అతనిది, సంతకం అతనిది. టైము మూడూ ముప్పై రెండు.

కోటు పేజీ చదివాడు. పిల్ల కన్ను చూశాడు. తర్వాత ఫోన్ తీసి ఒక నంబరు నొక్కి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. అవతల పోస్ట్‌మాన్ పలికాడు.

"మీరు ఇచ్చేసిన పిల్లకి ఒంటి మీద గుర్తులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు కోటు. ఇంకేమీ అందించలేదు.

"గుర్తులంటే," అన్నాడు పోస్ట్‌మాన్ నిదానంగా, "కుడి కంట్లో కింద టీ మరక లాంటిది ఒకటి ఉండేదండీ. మొదట్లో మా ఆవిడ పుసి అనుకుని రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఎందుకండీ, దానికేమైనా అయిందా? ఇచ్చేశాక ఇంట్లో ఎవరం సరిగ్గా తినట్లేదు."

"ఏమీ కాలేదు," అన్నాడు కోటు. "చెవులు కూడా లేచాయి. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి."

ఓనరు ఖాళీ పెట్టె అందుకుని వెనక్కి ఒక అడుగు వేశాడు. కానీ గుమ్మానికి అడ్డంగా టైలరు అప్పటికే నిలబడి ఉన్నాడు. మనిషి సన్నగానే ఉంటాడు, కానీ ఆ గుమ్మం ఇంకా సన్నం.

"కల్తీ అని వాళ్ళ దగ్గర తీసుకున్న పిల్లని, అసలు సరుకని నాకు తెచ్చావా?" అన్నాడు టైలరు. అరవలేదు. "మా బొత్తాంని తీసుకెళ్ళి, రెండు వారాలు ఆగి చెవులు లేచాక, ఇంకెవరికి అసలు సరుకని చూపిస్తావు?"

ఓనరు నీళ్ళు నమిలాడు. పొరపాటు అన్నాడు, పెట్టెలు మారిపోయాయన్నాడు, షాపులో పనివాళ్ళ మీద వేశాడు. సెలూన్ ఆవిడ పిల్ల ఎక్కడని కోటు అడిగేసరికి, షాపు వెనకగదిలో ఉందని నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. కోటు తను రాసుకున్న రిపోర్టు నిలువుగా చింపి, అడ్డంగా చింపి, కోటు జేబులో కుక్కుకున్నాడు. ఆ తర్వాత క్లబ్బుకి ఫోన్ చేశాడు. ఫిర్యాదులు మూడూ వెనక్కి తీసుకున్నట్టే అన్నాడు, పెద్దమ్మ లైసెన్సు జోలికి వెళ్ళొద్దన్నాడు, విచారించాల్సింది వేరే మనిషినని, ఆ మనిషిని తనే వెంటబెట్టుకు వస్తున్నానని చెప్పాడు. గడియారం మూడూ యాభై మూడు.

టార్చి గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. పొద్దుట్నించీ భుజాల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది. ఇప్పుడు దిగిపోయారు.

"మూడు, రెండు," అన్నాడు కోటు గుమ్మం దగ్గర ఆగి, లెక్క తేలుస్తూ. ఓనరు చెయ్యి వదల్లేదు. "మీ పెద్దమ్మగారికి క్షమించమని చెప్పండి. అడగొచ్చో లేదో కానీ, వచ్చే కాన్పులో నాకొక పిల్ల ఇస్తారేమో కనుక్కోండి."

"కనుక్కుంటాను. ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి. ముందుగా ఆ కోటు మీద బొచ్చు పడితే ఏం చేస్తారని అడుగుతుంది."

వాళ్ళిద్దరూ మెట్లు దిగాక టార్చి పెద్దమ్మకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఆవిడ మొదటి రింగుకే ఎత్తింది.

"ఒక్కటి కూడా పోవడం లేదు పెద్దమ్మా. ఏడూ నీ దగ్గరే ఉంటాయి."

అటువైపు కుర్చీ కిర్రుమంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఏ ఐదో నాకు తేలలేదే," అంది పెద్దమ్మ. "పొద్దుట్నించీ ఒక్కొక్కదాని పేరూ కాగితం మీద రాసి కొట్టేస్తున్నాను. మళ్ళీ రాస్తున్నాను." కాసేపు ఏడ్చింది. తర్వాత వెంటనే హెడ్ నర్సు గొంతు తిరిగొచ్చింది. "ఐదో పిల్లకి ఎన్ని పళ్ళు ఊడాయి?"

"మూడు," అంది పాప, ఫోన్ దగ్గరికి ముఖం పెట్టి. "ఒకటి కొత్తది వస్తోంది."

"పాతది ఊడకుండా పక్కనే కొత్తది వస్తే నాకు చెప్పాలి. చెప్తావా?"

"చెప్తాను."

టైలరు చీటీని బల్ల మీద పెట్టుకుని, కింద ఒక తెల్లకాగితం అతికించాడు. పోయిన లైన్లు మళ్ళీ చెప్పమన్నాడు. పుస్తకం ఎదురుగా ఉన్నా, ఆవిడ నోటితోనే వినాలనిపించినట్టుంది. పెద్దమ్మ చెప్తుంటే ఒక్కొక్కటీ రాశాడు. చెవులు వాలితే కంగారు పడొద్దు. టేపులు కట్టొద్దు. ఫోన్ నంబరు. నాలుగో లైను సగం చెప్పగానే పెన్ను ఆపేశాడు.

"ఇది రాయనమ్మా," అన్నాడు. "తిరిగి ఇవ్వాల్సిన అవసరం ఇక రాదు. ఒట్టు."

"రాయి నాయనా," అంది పెద్దమ్మ. "నువ్వు ఇవ్వవనే నేనూ అనుకుంటున్నాను. కానీ రేపు నీకు ఒంట్లో బాగుండకపోవచ్చు, ఇల్లు మారాల్సి రావొచ్చు. అప్పుడు దానికి ఒక గుమ్మం ఉండాలి కదా. ఆ లైను దాని కోసం."

టైలరు ముక్కు ఎగబీల్చి, వంగి, నాలుగో లైను కూడా పూర్తిగా రాశాడు. పాప పక్కన నిలబడి ఒక్కో అక్షరం చూసింది. రాయడం అయ్యాక అతను లేచి, చీటీని చొక్కాల వెనక కాకుండా వాటికి ముందు, మిషను ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. తర్వాత కూర్చుని మిషను తొక్కడం మొదలెట్టాడు. బల్ల కింద అన్నాచెల్లెళ్ళిద్దరూ దొర్లుడు ఆపారు. బొత్తాం లేచి వచ్చి అతని పాదాల పక్కన పడుకుంది, రెండు చెవులూ రెండు పక్కలకి వాల్చుకుని, నిద్రపోయింది.